ఛాతీ లోపల ఏముంది?



సంతలో వంకాయలు ఎలా ఏరుకుంటారు? చేతిలోకి తీసుకుంటారు. తిప్పి చూస్తారు. చిన్న చిల్లు కనిపిస్తే పక్కన పడేస్తారు. చిల్లు లేనిదే బుట్టలో వేసుకుంటారు. అయినా ఒక్కోసారి ఇంటికొచ్చి కొయ్యగానే లోపల పురుగు ఉంటుంది. పైకి కాయ నిగనిగలాడుతూనే ఉంటుంది. కొయ్యందే లోపలి సంగతి తెలియదు.

మనిషి ఛాతీ కూడా అంతే. లోపల జబ్బు ముదురుతున్నా పైకి కనిపించదు. అలాగని ఛాతీని వంకాయలా కొయ్యలేం గదా! కొయ్యకుండానే లోపల చూసే యంత్రాలు ఉన్నాయి. ఎక్స్‌రే, సి.టి. స్కాన్, పెట్ స్కాన్ అనే మాటలు మీరు విని ఉంటారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ వైద్యంలో ఇవి చేసే పని ఏమిటి? ప్రపంచంలో వీటిని ఎలా వాడుతున్నారు? మన ఊళ్లో దగ్గుతున్న మనిషికి ఇవి ఎలా ఉపయోగపడతాయి? ఈ సంగతులు ఈ రోజు తెలుసుకుందాం.

క్యాన్సర్ అంటే ఏమిటి?

మన ఒళ్లు చిన్న చిన్న కణాలతో తయారైంది. కణం కంటికి కనిపించనంత చిన్నది. పాత కణాలు చస్తాయి. కొత్తవి పుడతాయి. దీనికి ఒక లెక్క ఉంది. ఎక్కడైనా ఆ లెక్క తప్పితే కణాలు అదుపు లేకుండా పెరిగిపోతాయి. గడ్డ కడతాయి. ఆ గడ్డ పక్క భాగాలలోకి చొచ్చుకుపోతుంది. రక్తంలో కలిసి దూరంగా ఉన్న ఎముకలకు, మెదడుకు, కాలేయానికి కూడా పోతుంది. ఇదే క్యాన్సర్. మన పెద్దవాళ్లు రాచపుండు అనేవాళ్లు. ఇది అంటురోగం కాదు. ఒకరి కంచంలో ఒకరు తింటే రాదు.

2022లో ప్రపంచం మొత్తం మీద సుమారు 24 లక్షల 80 వేల మందికి కొత్తగా ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. ఆ ఏడాది ఈ జబ్బుతో సుమారు 18 లక్షల మంది చనిపోయారు. క్యాన్సర్లలో ఎక్కువ మందిని చంపేది ఇదే. మన దేశంలో ఆ ఏడాది 81 వేలకు పైగా మందికి ఇది కొత్తగా వచ్చిందని లెక్క.

ఇంత మంది ఎందుకు చనిపోతున్నారు? ఆలస్యం వల్ల. వేలికి ముల్లు గుచ్చుకుంటే వెంటనే తెలుస్తుంది. ఊపిరితిత్తి లోపల గడ్డ పుడితే నొప్పి తెలియదు. గడ్డ పెరిగి ఛాతీ గోడను తాకాకో, గాలి గొట్టాన్ని మూసేశాకో తెలుస్తుంది. అమెరికా లెక్కలు చూడండి. గడ్డ ఊపిరితిత్తి దాటకముందే పట్టుకుంటే 100 మందిలో 60 మందికి పైగా 5 ఏళ్ల తరవాత కూడా బతికి ఉంటున్నారు. దూరంగా పాకాక పట్టుకుంటే సుమారు 10 మందే మిగులుతున్నారు. జబ్బు ఒకటే. తేడా అంతా ఎప్పుడు చూశాం అన్నదానిలోనే ఉంది.

పొగ తాగని ఆడవాళ్లకు కూడా వస్తుందా?

వస్తుంది. బీడీ, సిగరెట్టు, చుట్ట మొదటి కారణాలు. ఇంట్లో మగవాళ్లు తాగి వదిలిన పొగ రెండో కారణం. వంటింటి పొగ మరో కారణం.

చైనా దేశంలో యునాన్ అనే రాష్ట్రం ఉంది. అక్కడ షువాన్‌వె అనే ప్రాంతం ఉంది. అక్కడి ఆడవాళ్లలో పొగ తాగేవాళ్లు దాదాపు లేరు. అయినా వాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ చాలా ఎక్కువగా ఉండేది. కారణం ఏమిటి? ఇంట్లో గుంట పొయ్యి. అందులో పొగ బొగ్గు. పొగ పోయే దారి లేదు. తరవాత చాలామంది పొగగొట్టం ఉన్న పొయ్యిలు పెట్టుకున్నారు. 1976 నుంచి 1992 వరకు 21 వేల మందికి పైగా రైతులను గమనించి 2002లో ఫలితం చెప్పారు. పొగగొట్టం పెట్టుకున్న ఇళ్లలో ఆడవాళ్లకు ఈ జబ్బు దాదాపు సగం తగ్గింది. మగవాళ్లలో కూడా బాగా తగ్గింది. ఒక్క పొగగొట్టం ఎంత పని చేసిందో చూడండి!

మన దగ్గర 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం వచ్చాయి. చాలా ఇళ్లకు గ్యాస్ వచ్చింది. అయినా బండ అయిపోతే మళ్లీ కట్టెలు, పిడకలే. అలాంటి రోజుల్లో పొయ్యి ఆరుబయట పెట్టండి. లేదా కిటికీ, తలుపు తెరిచి పెట్టండి.

మొదటి కన్ను: ఎక్స్‌రే

1895 నవంబరులో జర్మనీ దేశంలో రాంట్‌జెన్ అనే శాస్త్రవేత్త కంటికి కనిపించని ఒక కిరణాన్ని కనిపెట్టాడు. అదేమిటో తెలియక దానికి ఎక్స్ కిరణం అని పేరు పెట్టాడు. ఆ ఏడాది డిసెంబరులో తన భార్య చేతికి ఫోటో తీశాడు. అందులో వేళ్ల ఎముకలు కనిపించాయి. వేలికున్న ఉంగరం కనిపించింది. చర్మం, మాంసం మాత్రం పలచని నీడలా ఉన్నాయి. ఆ పనికి ఆయనకు 1901లో నోబెల్ బహుమతి వచ్చింది. భౌతికశాస్త్రంలో అదే మొట్టమొదటి నోబెల్ బహుమతి. ఎక్స్‌రే మీద ఆయన హక్కులు రాయించుకోలేదు. అందరూ వాడుకోవచ్చన్నాడు.

తోలుబొమ్మలాట చూశారు గదా! వెనక దీపం, ముందు తెర, మధ్యలో బొమ్మ. ఎక్స్‌రే కూడా అలాంటి నీడే. ఎముక కిరణాన్ని ఆపుతుంది. అందుకే తెల్లగా కనిపిస్తుంది. ఊపిరితిత్తి నిండా గాలి ఉంటుంది. అందుకే నల్లగా కనిపిస్తుంది. ఆ నలుపు మధ్యలో తెల్ల మచ్చ ఉంటే డాక్టరు ఆగి చూస్తాడు.

ఎక్స్‌రే చవక. నిమిషంలో అయిపోతుంది. చాలా చోట్ల దొరుకుతుంది. కాని దీనికి ఒక లోపం ఉంది. తోలుబొమ్మలు ఒకదాని వెనక ఒకటి నిలబడితే వెనక బొమ్మ కనిపించదు గదా! అలాగే పక్కటెముకల వెనక, గుండె నీడ వెనక చిన్న గడ్డ దాక్కుంటుంది. శనగ గింజంత గడ్డ ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు. అందుకే ఎక్స్‌రే బాగుందంటే జబ్బు లేనే లేదని అర్థం కాదు.

రెండో కన్ను: సి.టి. స్కాన్

ఇంగ్లాండులో హౌన్స్‌ఫీల్డ్ అనే ఆయన ఉండేవాడు. పల్లెలో పొలాల మధ్య పెరిగాడు. విశ్వవిద్యాలయం డిగ్రీ లేదు. డాక్టరు కాదు. ఇంజనీరు. ఆయన పనిచేసిన కంపెనీ పాటల రికార్డులు అమ్మేది. ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. ఒక వైపు నుంచే ఎందుకు ఫోటో తియ్యాలి? చుట్టూ తిప్పి అన్ని వైపుల నుంచి తీసి, కంప్యూటరుతో లెక్క కడితే? 1971 అక్టోబరు 1న లండన్‌లో ఒక ఆసుపత్రిలో ఒక స్త్రీ తలకు మొదటి సి.టి. స్కాన్ తీశారు. మెదడులో గడ్డ ఉన్న చోటు కనిపించింది. 1979లో హౌన్స్‌ఫీల్డ్‌కు, ఈ లెక్కను ముందే ఆలోచించిన కార్మాక్‌కు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

కత్తి లేకుండా వంకాయను చక్రాలుగా కోసినట్టు ఉంటుంది సి.టి. ఛాతీని పలచటి పొరలు పొరలుగా చూపిస్తుంది. ఏ ఎముకా అడ్డం రాదు. పెసర గింజంత మచ్చ కూడా దొరుకుతుంది. మచ్చ ఎంత ఉంది, అంచులు నున్నగా ఉన్నాయా, ముళ్లుగా ఉన్నాయా, పక్కన గ్రంథులు ఉబ్బాయా అన్నది తెలుస్తుంది. సూదితో ముక్క తియ్యాలంటే సూది ఎక్కడ దింపాలో కూడా ఇదే చూపిస్తుంది.

మూడో కన్ను: పెట్ స్కాన్

చేలో కలుపు మొక్క ఏం చేస్తుంది? మనం వేసిన ఎరువు పైరు కన్నా ముందు తానే లాక్కుంటుంది. క్యాన్సర్ గడ్డ కూడా అలాంటిదే. ఒంట్లో చక్కెరను ఎక్కువగా లాక్కుంటుంది. పెట్ స్కాన్‌లో ఈ గుణాన్నే వాడుకుంటారు. కిరణాలు వదిలే చక్కెరలాంటి మందును కొద్దిగా సూదితో ఎక్కిస్తారు. సుమారు గంట పడుకోబెడతారు. తరవాత స్కాన్ తీస్తారు. ఎక్కువ చక్కెర లాక్కున్న చోటు దీపంలా మెరుస్తుంది. జబ్బు ఎక్కడెక్కడికి పాకిందో ఒక్కసారిగా తెలుస్తుంది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. టి.బి. ఉన్న చోటు కూడా ఇలాగే మెరుస్తుంది. మన దేశంలో టి.బి. ఎక్కువ. కాబట్టి మెరిసిందల్లా క్యాన్సర్ కాదు.

మెదడుకు పాకిందేమో చూడటానికి ఎమ్.ఆర్.ఐ. తీస్తారు. అది అయస్కాంతంతో పనిచేస్తుంది.

ఇన్ని కళ్లు ఉన్నా తీర్పు చెప్పేది మాత్రం ముక్క పరీక్షే. గడ్డలోంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. దీన్ని బయాప్సీ అంటారు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకిపోతుందని కొందరు భయపెడతారు. ఆ భయంతో పరీక్ష మానుకోవద్దు. ముక్క పరీక్ష లేకుండా ఏ మందు ఇవ్వాలో తెలియదు. పొగ తాగని ఆడవాళ్లలో కొందరికి ఒక రకం క్యాన్సర్ వస్తుంది. దానికి మింగే బిళ్లలే బాగా పనిచేస్తాయి. ఆ సంగతి ముక్క పరీక్షలోనే తెలుస్తుంది.

ఒక వదిన సంగతి

ఒక ఊళ్లో ఒక వదిన ఉందనుకోండి. యాభై ఏళ్లు. బీడీ ముట్టదు. ముప్పై ఏళ్లుగా కట్టెల పొయ్యి మీద వండింది. దగ్గు మొదలైంది. ఊళ్లో ఆర్.ఎమ్.పి. దగ్గర సీసా మందు తాగింది. నెల గడిచింది. పట్నం వెళ్లి ఎక్స్‌రే తీయించుకుంది. తెల్ల మచ్చ కనిపించింది. టి.బి. అని బిళ్లలు ఇచ్చారు. రెండు నెలలు మింగింది. దగ్గు తగ్గలేదు. మనిషి చిక్కిపోయింది. కళ్లెలో నెత్తురు జీర కనిపించింది.

"ఆరు నెలలు వాడాలంట వదినా, పూర్తిగా వాడు" అన్నారు ఇరుగుపొరుగు. ఆమె అలాగే ఊరుకుంటే ఏమయ్యేది? ఆరు నెలలూ గడిచేవి. గడ్డ రెండో ఊపిరితిత్తికి పాకేది. మన దేశంలో చాలామంది విషయంలో ఇదే జరుగుతోంది. టి.బి. మందు వాడుతూ వాడుతూ క్యాన్సర్ ముదిరాక పెద్దాసుపత్రికి వస్తున్నారు.

ఈ వదిన మాత్రం ఆశా కార్యకర్తను తోడు తీసుకుని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లింది.

"అమ్మా, కళ్లె పరీక్షలో టి.బి. క్రిమి కనిపించిందా?" అని డాక్టరు అడిగాడు.

"లేదు సారూ. ఫోటో చూసి మందులిచ్చారు."

"ఆ ఫోటో తెచ్చావా?"

"ఇంట్లో ఉంది సారూ. పాతది గదా అని తేలేదు."

"పాతదే కావాలమ్మా. పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెడితేనే మచ్చ తగ్గిందో పెరిగిందో తెలుస్తుంది. రేపు తీసుకురా. అందాకా మందు ఆపొద్దు."

మర్నాడు రెండు ఫోటోలూ చూశారు. మచ్చ పెరిగింది. సి.టి. తీశారు. సూదితో ముక్క తీశారు. క్యాన్సర్ అని తేలింది. పెట్ స్కాన్‌లో గడ్డ ఒక్క చోటే ఉందని తెలిసింది. ఆపరేషన్ చెయ్యడానికి వీలైంది. ఆమెను కాపాడిన వాటిలో యంత్రాలు ఉన్నాయి. దాచిపెట్టిన పాత ఫోటో కూడా ఉంది.

వైద్యం మొదలయ్యాక కూడా ఫోటోల పని అయిపోదు. మన వాళ్లు కరెంటు పెట్టడం అంటారే, ఆ కిరణాల వైద్యానికి ముందు సి.టి. తీస్తారు. కిరణం గడ్డ మీదే పడాలి, గుండె మీద పడకూడదు. అందుకని కొలతలు వేసుకుంటారు. మందు పనిచేస్తోందా లేదా అని కొన్ని నెలలకోసారి మళ్లీ తీస్తారు.

ప్రపంచంలో ఏం జరుగుతోంది?

జబ్బు లక్షణాలు రాకముందే స్కాన్ తీస్తే మేలేనా? అమెరికాలో ఈ ప్రశ్న వేసుకున్నారు. 2002లో పరిశీలన మొదలుపెట్టారు. బాగా పొగ తాగిన 53 వేలకు పైగా మందిని తీసుకున్నారు. సగం మందికి ఏడాదికోసారి మూడుసార్లు తక్కువ కిరణాల సి.టి. తీశారు. మిగతా సగానికి ఎక్స్‌రే తీశారు. 2011లో ఫలితం చెప్పారు. సి.టి. తీసిన వాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గాయి. నెదర్లాండ్స్, బెల్జియం దేశాల్లో చేసిన మరో పరిశీలన ఫలితం 2020లో వచ్చింది. అక్కడ కూడా మగవాళ్లలో చావులు 24 శాతం తగ్గాయి.

ఇంగ్లాండులో మాంచెస్టర్ అనే నగరం ఉంది. అక్కడ 2016లో స్కాన్ యంత్రాన్ని లారీలో పెట్టి బజారు దగ్గరికే తెచ్చారు. క్యాన్సర్ అంటే జనం భయపడి రారు. అందుకని ఊపిరితిత్తుల ఆరోగ్య పరీక్ష అని పేరు పెట్టారు. స్కాన్ తీసిన 1,384 మందిలో 42 మందికి క్యాన్సర్ దొరికింది. దొరికిన వాటిలో 80 శాతం తొలి దశల్లోనే దొరికాయి. తరవాత ఇంగ్లాండు అంతటా ఈ పని మొదలుపెట్టారు. దక్షిణ కొరియాలో 2019 నుంచి బాగా పొగ తాగినవాళ్లకు ప్రభుత్వమే స్కాన్ తీయిస్తోంది. తైవాన్‌లో 2022 నుంచి, కుటుంబంలో ఈ జబ్బు ఉన్న ఆడవాళ్లకు కూడా తీస్తున్నారు.

మన దేశంలో ఇలాంటి ప్రభుత్వ పథకం ఇంకా లేదు. టి.బి. మచ్చలు చాలామందికి ఉండటం కూడా ఒక చిక్కు. అమెరికాలోనే స్కాన్‌లో అనుమానం వచ్చిన 100 మందిలో 96 మందికి అది క్యాన్సర్ కాదని తేలింది. కాబట్టి ఏ లక్షణమూ లేని వాళ్లంతా డబ్బు పోసి స్కాన్లకు పరిగెత్తక్కర్లేదు. బాగా పొగ తాగినవాళ్లు మాత్రం డాక్టరును అడగాలి.

యంత్రాలు అందరికీ సమానంగా లేవు. ధనిక దేశాల్లో 10 లక్షల మందికి సుమారు 40 సి.టి. యంత్రాలున్నాయి. బాగా పేద దేశాల్లో 10 లక్షల మందికి ఒక్కటి కూడా లేదు. ఒకే జబ్బు. ఒక దేశంలో ముందే దొరుకుతుంది. ఇంకో దేశంలో చివర్లో దొరుకుతుంది. ఇది విధి రాత కాదు. మనుషులు మార్చగలిగిన సంగతి.

మన రాష్ట్రాల్లో కొంత ఆసరా ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. పేదలకు క్యాన్సర్ వైద్యం ఇందులో ఉంది. హైదరాబాదులో ఎమ్.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. విశాఖపట్నంలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఏ పరీక్ష ఉచితమో, దేనికి డబ్బు కట్టాలో ముందే అడగండి. అడగడం మన హక్కు.

భయాలు, నిజాలు

"ఫోటో తీస్తే కిరణాలు ఒంట్లో మిగిలిపోతాయి." నిజం కాదు. ఎక్స్‌రే, సి.టి. కిరణాలు మిగలవు. నేల నుంచి, ఆకాశం నుంచి రోజూ మన మీద కొద్దిగా కిరణాలు పడుతూనే ఉంటాయి. ఛాతీ ఎక్స్‌రేలో పడేది సుమారు 10 రోజుల్లో పడేంత. తక్కువ కిరణాల సి.టి.లో పడేది సుమారు 6 నెలల్లో పడేంత. అవసరానికి తీస్తే మేలే ఎక్కువ. అవసరం లేకుండా మాటిమాటికీ తీయించుకోవద్దు.

"కడుపుతో ఉన్నా ఫరవాలేదు." అలా అనుకోవద్దు. నెల తప్పితే, అనుమానం ఉన్నా సరే, ముందే చెప్పండి.

"పుస్తెలు తియ్యకూడదు." గొలుసు, పుస్తెల నీడ ఫోటోలో మచ్చలా పడుతుంది. అసలు మచ్చను కప్పేస్తుంది. కాసేపు తీసి తోడు వచ్చిన వాళ్ల చేతికి ఇవ్వండి. పసుపుతాడు ఉంచుకోవచ్చు. ఎమ్.ఆర్.ఐ. గదిలోకి ఏ లోహమూ తీసుకెళ్లకూడదు.

"పెట్ స్కాన్ తరవాత మనుమణ్ణి ఎత్తుకోవచ్చు." ఆ పూట వద్దు. మందు కిరణాలు కొన్ని గంటల్లో తగ్గిపోతాయి. అందాకా చంటిపిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండండి. ఈ స్కాన్‌కు ముందు సుమారు 6 గంటలు ఏమీ తినకూడదు. షుగరు జబ్బు ఉంటే ముందే చెప్పండి.

మీరు చెయ్యగలిగింది

రెండు వారాలు దాటి దగ్గు ఉంటే ఆసుపత్రికి వెళ్లండి. కళ్లె పరీక్ష చేయించుకోండి. కళ్లెలో నెత్తురు, ఆయాసం, చిక్కిపోవడం, గొంతు బొంగురు, విడవని ఛాతీ నొప్పి ఉంటే అసలు ఆలస్యం చెయ్యొద్దు. టి.బి. మందు సొంతంగా మానొద్దు. రెండు నెలలు వాడినా గుణం కనిపించకపోతే "సార్, ఇది ఇంకేదైనా కావచ్చా? మళ్లీ చూస్తారా?" అని అడగండి.

ఇప్పుడు మీకు చదువు వచ్చింది. ఫోటో చేతికి రాగానే చదవండి. మీ పేరు ఉందా? వయసు సరిగ్గా ఉందా? తేదీ ఏది? పేరు మారితే ఒకరి జబ్బుకు ఇంకొకరికి మందు పడుతుంది. ఇంగ్లీషులో ఉంటే చదివి చెప్పమనండి. ఫిలిం మడవకండి. ఎండలో పెట్టకండి. పొయ్యి దగ్గర పెట్టకండి. కవరు మీద తేదీ మీ చేత్తో రాసి దాచండి. ఎప్పుడు ఆసుపత్రికి వెళ్లినా పాతవన్నీ తీసుకెళ్లండి.

ఆడవాళ్ల దగ్గు ఇంట్లో ఎవరికీ వినపడదు. మగవాళ్ల దగ్గుకు ముందు మందు వస్తుంది. పిల్లల దగ్గుకు తరవాత వస్తుంది. అమ్మ దగ్గు మిగిలిపోతుంది. అలా మిగలనివ్వకండి. పక్కింటి అక్క దగ్గుతుంటే లెక్కపెట్టండి. ఎన్ని వారాలైంది? తోడు వెళ్లండి.

మాట్లాడుకోండి

1. ఎక్స్‌రేలో కనిపించని గడ్డ సి.టి.లో ఎందుకు కనిపిస్తుంది?
2. వదిన పాత ఫోటో దాచకపోతే ఏమయ్యేది?
3. మీ వాడలో రెండు వారాలు దాటి దగ్గుతున్నవాళ్లు ఎంత మంది? పేర్లు రాయండి. ఆశా కార్యకర్తకు చూపించండి.
4. మీ ఇంట్లో ఉన్న ఎక్స్‌రే తీసి దాని మీద పేరు, తేదీ చదవండి.